చుట్టకుదురు

నడిమివలసలో అసిరితల్లి పండగ మూడేళ్ళకోసారి వస్తుంది. వచ్చిందంటే ఒక్క పూటతో పోయేది కాదు. మంగళవారం ఘటం లేస్తే, మళ్ళీ మంగళవారం ఆ ఘటాన్ని వంశధారలో వదిలి అమ్మవారిని సాగనంపే అనుపు జరిగేదాకా ఊరు ఊరంతా ఆ తల్లి చెప్పుచేతల్లోనే ఉంటుంది. మొదటిరోజే ఊరి చుట్టూ పసుపన్నం చల్లి పొలిమేర కడతారు. ఇక ఊళ్ళోవాళ్ళు ఆ గీత దాటకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మశూచి ఊళ్ళకి ఊళ్ళనే ఊడ్చుకుపోయే కాలంలో పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

ఆ కట్టుబాటుకి అసిరితల్లి తర్వాత అంతటి కాపలాదారు సుభద్రమ్మ. మొదటి ఘటం ఎత్తే హక్కు ఆవిడ ఇంటిది. అత్తగారు ముప్పై ఏళ్ళు ఎత్తి, ఇక మెడ నిలవదనుకున్న నాడు, తన పెళ్ళిచీర చింపి పేనిన చుట్టకుదురు కోడలి చేతిలో పెట్టి "గీత దాటకూడదే" అని మరీ మరీ చెప్పి కన్నుమూసింది. పండగ వారం పొడుగునా ఆ గుడ్డచుట్ట సుభద్రమ్మ రొంటినే ఉంటుంది. సాయంత్రం కాగానే దాన్ని నెత్తిన పెట్టుకుని, దానిమీద ఘటం పెట్టుకుని వీధిలో నడుస్తుంటే, మామూలు రోజుల్లో ఆవిణ్ణి చూసి మూతి తిప్పుకునేవాళ్ళు కూడా బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళమీద పోస్తారు. భర్త అప్పలసూరి మంచి రైతు. ఎద్దులు అతని మాట వింటాయి. ఇంట్లో మాత్రం ఆ అదృష్టం లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా చీరలకి ఇంకా కంట్రోలు ఎత్తని వైశాఖం అది. సుభద్రమ్మ ఒక్కగానొక్క కూతురు చిన్నతల్లిని ఏటికి ఆవలి ఒడ్డున రేవుపేటలో ఇచ్చారు. ఆ పిల్లకి ఇప్పుడు తొలిచూలు. తొలికాన్పు కన్నవారింట్లో జరగాలన్నది ఒకరు చెప్పనక్కర్లేని సంగతి. ఏడో నెలలోనే తీసుకెళ్ళమని వియ్యపురాలు తాతమ్మ కబురు కూడా చేసింది. అయితే ఇంట్లో పురుడు వస్తే మైల. మైల ఇంటివాళ్ళు ఘటం ముట్టకూడదు. జ్యేష్ఠం వెళ్తే గాని నెలలు నిండవనీ, పండగ కానిచ్చి తెచ్చుకుంటాననీ సుభద్రమ్మ తిరుగుకబురు పంపింది. చిన్నతల్లి ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడం ఆ పిల్లకి అలవాటు. ఆ అలవాటు తల్లి దగ్గర నేర్చుకున్నది మాత్రం కాదు.

ఘటం లేచిన మర్నాడే, బుధవారం, కూతురి మీద దిగులు మొదలైంది. అది మొదలవడానికి కారణం తాతమ్మే.

రెండూళ్ళకీ నడుమ వంశధార. ఎండాకాలం కదా, మోకాలి లోతు కూడా లేదు. నడిపాయలో ఒక నల్లరాయి ఉంది. నడిమివలస పొలిమేర అక్కడితో ఆఖరు. ఆ పొద్దున తాతమ్మ కుచ్చెళ్ళు ఎగదోపుకుని, రాయికి అవతల నీళ్ళలో నిలబడి కేకేసింది. ఆవిడ ఆ ఒడ్డున గుసగుసలాడితే ఈ ఒడ్డున బట్టలుతికేవాళ్ళు తల తిప్పి చూస్తారు. ఇక కేకేస్తే చెప్పేదేముంది. సుభద్రమ్మ పొయ్యిమీద అంబలి అలాగే వదిలి వచ్చింది.

"వదినా, నీ కూతురు రాత్రి గోంగూర పులుసోసుకుని రెండు ముద్దలు తిన్నాది. మూడోది నానే కలిపి పెట్టినాను."

"కాళ్ళు పొంగినాయేటి?"

"కొంచెం. ఈ ఎండకి అందరికీ పొంగుతన్నాయి. నావి సూడు." తాతమ్మ నీళ్ళలోంచి ఒక కాలెత్తి చూపించింది. "మా గేదె ఈనినాది. పెయ్యిదూడ. నీకు జున్ను పంపిద్దునుగాని గీతుంది కదా."

సుభద్రమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగింది, "నాకేటైనా సెప్పమన్నాదా?"

తాతమ్మ ఎత్తిన కాలు నీళ్ళలోకి దించింది. "ఘటం బరువుగా ఉన్నాదేమో, మెడ నొప్పెడతాదేమో, కనుక్కోమన్నాది."

ఆ మాట సుభద్రమ్మకి సూటిగా తగిలింది. మనసులో కోపముంటే చిన్నతల్లి అలా అడగదు. కోపం లేకపోవడమే తల్లికి భరించరాకుండా ఉంది.

గురువారం నాటికి ఆ నల్లరాయి దగ్గర చిన్నపాటి సంత తయారైంది. నడిమివలసలో సగం ఇళ్ళకి రేవుపేటతో చుట్టరికమే. తాతమ్మ వస్తోందని తెలిసి ఎవరి కబురు వాళ్ళు పట్టుకుని ఏట్లోకి దిగారు. ఒకామె చెల్లెలి పిల్లాడికి పొంగు జ్వరం తగ్గిందో లేదో అడిగింది. ఇంకొకామె తమ్ముడి పెళ్ళిచూపులు ఏమయ్యాయని అడిగింది. పిల్ల నచ్చిందట, పిల్ల మేనమామ నచ్చలేదట. తాతమ్మ ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పి, వాళ్ళు చెప్పినవన్నీ బుర్రలో మూటగట్టుకుంది. ఆ మూటలోంచి ఒక్క కబురు కూడా జారిపడలేదని ఆనక అందరూ ఒప్పుకున్నారు.

కోటబొమ్మాళి వర్తకుడు బంగారురాజు కూడా రోజూ వచ్చి ఒడ్డున కూర్చునేవాడు. పండక్కి పసుపూ కుంకుమా గాజులూ అమ్ముకుందామని వచ్చి, అప్పలసూరి పెట్టిన కబుర్లలో పడి పొలిమేర కట్టేవేళకి ఊళ్ళోనే ఉండిపోయాడు. వెళ్తానంటే సుభద్రమ్మ ఒప్పుకోలేదు. లోపలున్నవాళ్ళు లోపలే అంది. పాపం అతనికి ఆ వారం అంబలి తాగడం తప్ప వేరే వ్యాపారం లేకపోయింది.

రాయి దగ్గరికి రానిది ఒక్క లక్ష్మణమ్మ. సుభద్రమ్మకి ఎదురిల్లే. ఒడ్డునే బట్టలు ఉతుక్కుంటూ, ఎవరు ఏ కబురు చెప్పినా తల ఎత్తకుండా ఉండేది. ఎందుకు రాదో ఊరందరికీ తెలుసు. సుభద్రమ్మకి అందరికంటే బాగా తెలుసు.

మూడేళ్ళ కిందటి పండగలో, ఇదే రాయికి అవతల లక్ష్మణమ్మ అన్న నిలబడ్డాడు. కళింగపట్నం దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. అమ్మకి బాలేదు, నిన్ను చూడాలంటోంది, రమ్మన్నాడు. లక్ష్మణమ్మ చేతిలో బట్ట చేతిలోనే ఉండగా నీళ్ళలోకి దిగింది. సుభద్రమ్మ జబ్బ పట్టుకుని ఆపింది. "ఐదు రోజులాగితే అనుపైపోతాది. తల్లి సూసుకుంటాది. ఊరందరి మీదకీ తేకు," అంది. ఆ మాట ఊరందరి మంచికే అన్నాననుకుంది. లక్ష్మణమ్మ ఆగింది. అనుపు అయ్యాక వెళ్ళేసరికి అక్కడ అమ్మ పోయి చిన్నదినం కూడా అయిపోయింది. తిరిగొచ్చాక పల్లెత్తు మాటనలేదు. ఉప్పో చింతపండో కావలసినప్పుడు ఎదురింటికి వచ్చేది, తీసుకుని వెళ్ళేది. ఎవరైనా తిడితే సుభద్రమ్మ సమాధానం చెప్పుకోగలదు. లక్ష్మణమ్మ తిట్టలేదు.

శుక్రవారం తాతమ్మ రాలేదు. అల్లుడు గంగరాజు వచ్చాడు. అతను మాటల మనిషి కాదు. "బాగున్నాదత్తా," అన్నాడు. సుభద్రమ్మ ఇంకేదో అడిగేలోగా "బాగున్నాది" అని మళ్ళీ అని వెళ్ళిపోయాడు. ఒకే మాట రెండుసార్లు చెప్పడానికి అల్లుడు ఏట్లోకి దిగి వచ్చాడంటే అక్కడ ఏదో బాగులేదని అర్థం. ఆ సాయంత్రం ఘటం ఎత్తుకుని తిరిగినంతసేపూ సుభద్రమ్మకి డప్పులు వినపడలేదు. కాళ్ళమీద ఎవరెవరు నీళ్ళు పోశారో కూడా చూడలేదు. రాత్రి అప్పలసూరి అంబలి ముంత పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒసే, తాగు. రేపు మల్లా ఎత్తాల."

"దాన్ని తెచ్చుకోవలసింది మావా," అంది సుభద్రమ్మ. "పిల్లని ఒగ్గేసి కుండని పట్టుకున్నాను."

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ తప్పు ఒప్పుకోవడం అప్పలసూరి మొదటిసారి విన్నాడు. ముంత ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

శనివారం పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. అమ్మవారి స్నానానికి నీళ్ళు ముంచుకుందామని పూజారి సూరయ్య ఏటికి వచ్చాడు. ఘటాన్ని తయారుచేసే కుమ్మరి అతనే, పూజారీ అతనే. బట్టలుతికేవాళ్ళు ఉతుకుతున్నారు. బంగారురాజు ఒడ్డున కూర్చుని మంగళవారానికి ఇంకా ఎంతుందో లెక్కపెట్టుకుంటున్నాడు. సుభద్రమ్మ పొద్దున్నుంచీ ఒడ్డునే కాచుకుని ఉంది. అప్పుడు తాతమ్మ వచ్చింది. వస్తూనే కేకెయ్యలేదు. రాయిదాకా వచ్చి, దాన్ని పట్టుకుని నిలబడి, ఊపిరి కూడదీసుకుంది.

"తెల్లారగట్ల నుంచి నొప్పులు వదినా. పిల్ల ఎదురుకాళ్ళ మీదున్నాదని మంత్రసాని అంతన్నాది. అమ్మా అమ్మా అని ఒకటే పలవరింత. నానెల్లి సెయ్యి పట్టుకుంటే, నువ్వు కాదత్తా అంతన్నాది." ఆవిడ తన చెయ్యి తనే చూసుకుంది. "నాను కాదంట వదినా. నువ్వే కావాలంట."

సుభద్రమ్మ పరుగున ఏట్లోకి దిగింది. రాయి దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. రాయిమీద మంగళవారం చల్లిన పసుపు ఇంకా ఉంది. దానికవతల చెయ్యి చాపితే అందే దూరంలో వియ్యపురాలు, ఆపైన ఇసక, ఆపైన రేవుపేట తాటాకు కప్పులు. ఆ కప్పుల్లో ఏది కూతురి ఇల్లో ఆవిడకి ఇక్కణ్ణుంచే తెలుసు. ఒడ్డున ఉతుకుతున్న చప్పుడు ఆగిపోయింది. వెనక్కి చూడకుండానే లక్ష్మణమ్మ ఎక్కడుందో తెలుస్తోంది.

"నాను దాటకూడదు," అంది సుభద్రమ్మ, ఎవరూ అడక్కపోయినా. "ఇక్కడే, ఈ రాయి కాడే ఒకలని ఆపినాను. ఇప్పుడు నాకొచ్చినాదని నాను దాటితే..."

అప్పలసూరి గట్టుమీంచి దిగి వచ్చాడు. "ఎల్లవే. ఇక్కడ నాను సూసుకుంటాను," అన్నాడు. ఏం చూసుకుంటాడో అతనికీ తెలీదు.

సూరయ్య నీళ్ళకుండ ఇసకలో కుదురుగా పెట్టి, పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

"దాటితే ఏటౌతాది?" అన్నాడు. "దాటినోలు అనుపయ్యేదాకా తిరిగి రాకూడదు. బయటి రోగం తెస్తారని. అంతే కదా కట్టు. ఎల్లకూడదని ఎవులన్నారు?"

"మా అత్తన్నాది."

"మీ అత్త నీకు సెప్పినాది. ఘటమెత్తినదానివి గనక, దించేదాకా నువ్వు కదలకూడదు. అది ఊరందరికీ సెప్పిన మాట కాదు."

సుభద్రమ్మకి కాసేపు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక రాతిమీద చెయ్యి వేసింది.

"మరి ఆ ఏడు నువ్వెందుకు సెప్పలేదు సూరయ్యా?"

"నన్నడిగినోలెవులు? నాను గుడికాడున్నాను. నాకు తెలిసేసరికి అనుపూ అయిపోనాది, అక్కడ ముసలమ్మా పోనాది." అతను లక్ష్మణమ్మ వైపు చూడలేకపోయాడు. "ఆనక సెప్తే ఏటి లాభం? దాన్ని ఇంకా ఏడిపించడమే."

లక్ష్మణమ్మ చేతిలో సగం పిండిన చీర ఉంది. నీళ్ళు కారుతున్నాయి. అందరూ ఆవిడనే చూస్తున్నారు. మూడేళ్ళు దాచుకున్న మాట ఇప్పుడైనా బయటికొస్తుందనుకున్నారు. రావాలనే సుభద్రమ్మ కోరుకుంది. జుట్టు పట్టుకుని నీళ్ళలో ముంచినా పడి ఉండేది.

లక్ష్మణమ్మ చీరని బండమీద పడేసి ఏట్లోకి నడిచింది. వచ్చి సుభద్రమ్మకి ఎదురుగా నిలబడింది. తడిచెయ్యి చాపింది.

"సుట్టకుదురియ్యత్తా."

"లచ్చనమ్మా..."

"నానెత్తుతాను. నాలుగు పూటలే కదా. ఎత్తొచ్చా సూరయ్యా?"

సూరయ్య నీళ్ళకుండ మళ్ళీ ఎత్తుకున్నాడు. "కుండ సేసినోడిని నాను. ఇది పలానా తలమీదే ఉండాలని ఏనాడూ సెయ్యలేదు," అన్నాడు.

సుభద్రమ్మ రొంటినున్న చుట్టకుదురు తీసింది. ముడి బిగిసిపోయి ఊడలేదు. లక్ష్మణమ్మే ఊడదీసుకుంది. "ఎల్లత్తా," అంది. "అమ్మ రాలేదేటని అడిగించుకోకు."

ఆ మాటతో సుభద్రమ్మకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే గీత దాటింది.

వెనక నుంచి నీళ్ళు చిందాయి. "అయితే నాను కూడా ఎలిపోవచ్చునాండి సూరయ్యగారూ?" అంటున్నాడు బంగారురాజు. సూరయ్య తలూపేలోగానే మూట భుజానికెక్కింది. మంగళవారం నుంచీ తనని ఊరికే కట్టేసిందన్న కోపం అతనికి ఉండాలి. కానీ పాచిరాళ్ళ మీద సుభద్రమ్మ కాలు జారబోతే మోచెయ్యి పట్టుకుని, తాతమ్మ రెండోవైపు పట్టుకుంటే, ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ఆ ఒడ్డుకి చేర్చారు.

పురిటిగదిలో చిన్నతల్లి గోడవైపు తిరిగి ఉంది. తల్లి చెయ్యి నుదుటిమీద పడగానే, కళ్ళు తెరవకుండానే తెలుసుకుంది. ముందుగా ఆ పిల్ల అడిగిన మాట ఇది.

"ఘటమో అమ్మా?"

"లచ్చనమ్మ ఎత్తుతన్నాది. నువ్వు నన్ను పట్టుకో."

చిన్నతల్లి తల్లి మణికట్టు పట్టుకుంది. దీపాలవేళకి ఆడపిల్ల పుట్టేదాకా వదల్లేదు. గాజులు రెండు చిట్లి సుభద్రమ్మ చేతిలో గుచ్చుకున్నాయి. ఆ సంగతి మర్నాడు స్నానం చేస్తుంటే గాని తెలియలేదు. మంత్రసాని పిల్ల కాళ్ళు ముందుగా తీసింది, ఆనక తల. పిల్ల కాసేపు ఏడవలేదు. ఏడ్చాక తాతమ్మ వాకిట్లోకి వెళ్ళి, ఏటి మీదుగా నడిమివలసకి వినపడేలా కబురు కేకేసింది. అప్పలసూరి ఆ కేక విని ఎద్దుల దగ్గరికి వెళ్ళి వాటికి చెప్పాడట.

మంగళవారం పొద్దు వాలుతుండగా అనుపు వచ్చింది. తప్పెటగుళ్ళు వాయిస్తూ ఆడేవాళ్ళు ముందు, ఊరంతా వెనక. నడుమ లక్ష్మణమ్మ, నెత్తిన ఘటం. కాళ్ళు మోకాళ్ళదాకా పసుపుగా ఉన్నాయి. పురిటిమనిషిని ముట్టిన సుభద్రమ్మ తలారా స్నానం చేసి వచ్చినా, ఘటానికి దూరంగా, అవతలి ఇసకలోనే నిలబడింది. ఎవరో ఎత్తిన ఘటాన్ని ఆవిడ ఇలా ఎదురుగా చూడడం అత్తగారు పోయాక ఇదే మొదలు. లక్ష్మణమ్మ మెడ నిటారుగా పెట్టుకుని నడుస్తోంది. బాగా నడుస్తోందనిపించింది.

లక్ష్మణమ్మ నడుము వంచి ఘటాన్ని నీళ్ళలో వదిలింది. అది కాస్త ఒరిగి, సర్దుకుని, నల్లరాయి పక్కనుంచి గీత దాటి కళింగపట్నం వైపు తేలిపోయింది. సూరయ్య రాతిమీద నీళ్ళు చల్లి పసుపు కడిగేశాడు. పండగ అయిపోయింది. జనం ఇళ్ళకి మళ్ళారు. లక్ష్మణమ్మ మాత్రం నీళ్ళలోనే ఉండిపోయింది. సుభద్రమ్మ రాయిదాకా వచ్చింది.

"ఎలాగున్నాది సిన్నతల్లి?"

"జున్ను తింతన్నాది. పిల్ల పాలు తాగుతన్నాది."

లక్ష్మణమ్మ నెత్తిమీది చుట్టకుదురు తీసి అందించింది. సుభద్రమ్మ తీసుకోలేదు. మూడేళ్ళు ఎదురింట్లో ఉండి, ఉప్పు కొలిచి పోస్తూ, నోటిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేసిన మాట ఇప్పుడు అడిగింది.

"లచ్చనమ్మా, మీ అమ్మ ఏ రోజు పోనాది?"

లక్ష్మణమ్మ ఘటం పోయిన వైపు చూసింది.

"శుక్రవారం. పొద్దు పొడిసినాక," అంది. "అమ్మీ వొచ్చినాదేటని రెండుసార్లడిగినాదంట. మా వదిన, ఇదిగో వొస్తన్నాది, ఏరు దాటతన్నాది అని సెప్పినాదంట. అలాగేటి అని ఊరుకున్నాదంట."

సుభద్రమ్మ తల వంచుకుంది. క్షమించమని అడగలేదు, అడిగితే అది తన బరువు దించుకోడానికే అవుతుందని ఆవిడకి తెలిసిపోయింది. రాతికి ఒకవైపు కూర్చుని, రెండోవైపు లక్ష్మణమ్మకి చోటు చూపించింది.

"ఇంకా సెప్పు," అంది. "మీ అమ్మ ఎలాగుండేది, ఏటి తినేది, అన్నీ సెప్పు."

లక్ష్మణమ్మ కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. గట్టుమీంచి అప్పలసూరి దీపం పెట్టే వేళైందని ఒకసారి పిలిచి, సమాధానం రాకపోతే తనే ఇంటికెళ్ళి దీపం పెట్టాడు. ఇద్దరి కాళ్ళూ నీళ్ళలో ఉన్నాయి. చుట్టకుదురు వాళ్ళ మధ్య రాతిమీద ఆరుతోంది. సుభద్రమ్మ మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా వింది.